రెండేళ్ళకోసారి

మీటరు మీద తొమ్మిది వేల నూట తొంభై నాలుగు.
ఎనభై నాలుగు మోడల్ యమహా.
ముప్పై అయిదేళ్ళలో ఇంతేనా తిరిగింది
అని నేను ఆశగా అడిగితే
ఎవర్ట్ లుండ్‌మార్క్ చేతి తొడుగుతో ట్యాంకు తుడుస్తూ
"అంతే" అన్నాడు,
తప్పు ఒప్పుకున్నవాడిలా.

పదకొండు వేల క్రోనాలు లెక్కపెట్టి ఇచ్చి
ట్రెయిలర్ మీద కట్టి తెచ్చుకున్నాను.
అక్టోబరు. లిక్సెలె రోడ్డు అంచున అప్పుడే మొదటి మంచు.

కలప లారీల షెడ్డులో నలభై ఏళ్ళు చేసిన రాగ్న్‌హిల్డ్
సంతలో ఎద్దు పళ్ళు పట్టి చూసినట్టు
చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.
"తక్కువ తిరిగిందని మురిసిపోకు పిల్లా.
తిరిగిన బండి అరుగుతుంది,
కూర్చున్న బండి కుళ్ళుతుంది.
అరుగుదల కంటికి కనిపిస్తుంది, అదొక్కటే తేడా."

మధ్యాహ్నం రెండింటికే చీకటి పడే రోజులు.
గరాజులో ఒక బల్బు, ఒక హీటరు, మేమిద్దరం.
కార్బురేటర్ గిన్నెల్లో పెట్రోలు
ముదురుపాకమై గోరుకి సాగింది.
జెట్టు రంధ్రంలోకి దూర్చడానికి
మనవడి గిటారు నుంచి సన్న తీగ తెంపుకొచ్చింది,
వాడికి చెప్పకు అంది.
బ్రేకు నూనె కాఫీ మడ్డిలా ఉంది.
టైర్ల గాడులు చెక్కుచెదరలేదు, రబ్బరు మాత్రం రాయి,
పక్కన అచ్చులో తయారీ వారం:
తొంభై ఒకటి, ఇరవై మూడోది.
అప్పటికి మా అమ్మ మా నాన్నని ఇంకా చూడనే లేదు.

ఎయిర్ బాక్సు మూత తీస్తే ఎలుక గూడు.
ఎర్ర ఉన్ని పోగులు, బిర్చి బెరడు,
ఒక రోడ్డు మ్యాపు తాలూకు ముక్కలు.
నార్వే తీరమంతా నమిలి
పిల్లల కింద మెత్తగా పరిచింది.

సీటు అడుగున ప్లాస్టిక్ సంచిలో
పద్నాలుగు తనిఖీ కాగితాలు దొరికాయి జనవరిలో.
రెండేళ్ళకొకటి.
ఒక్కోదానికీ దాని ముందుదానికీ తేడా
సరిగ్గా ముప్పై ఎనిమిది కిలోమీటర్లు.
వాళ్ళింటి నుంచి తనిఖీ కేంద్రానికి పంతొమ్మిది,
మళ్ళీ ఇంటికి పంతొమ్మిది.
బండి నడపడానికి అర్హమైనదే అని ముద్ర వేయించుకుని
తీసుకెళ్ళి దుప్పటి కప్పేవాడు.
చివరి ఆరేళ్ళు అదీ లేదు.

ఆగలేక ఫోన్ చేశాను.
"రోడ్డెక్కడికి పోతుంది, ఉంటుంది కదా
అనుకున్నా" అన్నాడు.
వెనక రేడియోలో ఎవరో వాతావరణం చదువుతున్నారు.
ఇంకేం అడగాలో తోచలేదు.

సీళ్ళు, గొట్టాలు, టైర్లు, గొలుసు.
ఫిబ్రవరికే సామాను ఖర్చు బండి ధర దాటింది.
రాగ్న్‌హిల్డ్ తన కూలి కింద
రెండు సీసాల లింగన్‌బెర్రీ జామ్ అడిగింది.
మార్చిలో మొదటిసారి మోగింది ఇంజను,
దగ్గి, ఉమ్మి, పొగ కక్కి,
తర్వాత గొంతు సవరించుకున్నట్టు సన్నగా, ఒకే శ్రుతిలో.
మేం చప్పట్లు కొట్టలేదు. ఇద్దరం చేతులు తుడుచుకున్నాం.

మే నెల. రోడ్ల మీద చలికాలపు కంకర ఊడ్చేశాక
తనిఖీకి తీసుకెళ్ళాను. పాసైంది.
పదిహేనో కాగితం.
గేటు బయట ఎడమకి తిరిగితే ఎవర్ట్ ఇల్లు.
పద్నాలుగుసార్లు ఈ హ్యాండిలు అటే తిరిగింది.
నేను కుడికి తిప్పాను, స్టొరుమన్ వైపు.
బండికి తెలిసిందని అనను, ఇనుముకేం తెలుస్తుంది.
క్లచ్ కాస్త బిగిసినట్టు అనిపించింది,
అది నా చెయ్యే కావచ్చు.

అరవై ఒకటో కిలోమీటరు దగ్గర ఆగిపోయింది.
ట్యాంకు లోపలి తుప్పు రేకు ఒకటి ఊడి
ఫిల్టరుకి అడ్డం పడింది.
దోమలు ముసురుతుంటే రోడ్డు పక్కన కూర్చుని
గొట్టం ఊదుకుంటూ
ఎందుకో మళ్ళీ ఆయనకే ఫోన్ చేశాను.
చెడిపోయిందని చెప్పాను. ఎక్కడ అన్నాడు.
చెప్పాను.
కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత మెల్లగా,
పిల్లవాడి మొదటి ఉత్తరం అందుకున్నట్టు,

"అంత దూరం వచ్చిందా!"