ఖాళీ బండి తూకం

ముందు నిండు బండిని తూస్తాం.
గోధుమలు గుమ్మరించి తిరిగొచ్చాక
ఖాళీ బండిని తూస్తాం.
మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే
మిగిలిందే గింజ.
ఉత్తర డకోటాలో, మైనాట్‌కి నలభై మైళ్ల ఇవతల,
బడి అయ్యాక నేను చేసే పని ఇంతే.
గంటకి పదమూడు డాలర్లు,
కిటికీ అద్దం మీద ఈగల మరకలు,
పాత కంప్యూటరు ఒకటి.

ఆ కంప్యూటరు తేమ కోత తప్పుగా వేసేది.
పద్నాలుగు దాటిన ప్రతి బండికీ
బుషెలుకి రెండు సెంట్లు ఎక్కువ కోసేది.
నాకు పదిహేనేళ్లప్పుడు, మంచు తుఫానుకి
ఒక్క బండీ రాని మధ్యాహ్నం
దాని లోపల ఏముందో విప్పి చూశాను.
ఒక గుర్తు. ఒకే ఒక్క గుర్తు
అటుది ఇటు తిరిగి ఉంది.
సరిచేశానని చెబితే లైల్ స్కోగ్‌స్టాడ్
దొంగని చూసినట్టు చూశాడు నన్ను.
తర్వాత పాత బిల్లులు ముందేసుకుని
పదకొండు మంది రైతులకి చెక్కులు రాశాడు.

అందుకే నాకీ చదువు కావాలి.
ఇంతకన్నా గొప్ప కారణమేమీ లేదు.

ఇప్పుడు బల్ల మీద రెండు ఉత్తరాలు.
ఫార్గోది పలచన,
అప్పు కాగితాలు వేరే కవరులో వస్తాయట.
కొలరాడోది మందం, కొండ కింద వాయుసేన అకాడమీ.
ఫీజు లేదు. బట్టలిస్తారు. జీతమూ ఇస్తారు.
"ఊరికే చదువు" అంది అమ్మ,
ఆసుపత్రి బూట్లు విప్పుకుంటూ.
ఊరికే అన్న మాటని కాటా మీద పెడితే
ఎంత చూపిస్తుందో చూడాలనుంది.
చదువయ్యాక ఐదేళ్లు వాళ్లవి. తక్కువలో తక్కువ.

మా పిన్ని కొడుకు ట్రిగ్వీ ఫార్గోలో ఇదే చదువుతున్నాడు.
రాత్రి మూడింటికి తప్పు దొరికించుకుని
మధ్యాహ్నం దాకా పడుకుంటాడు.
అకాడమీలో తప్పు దొరకకపోయినా దీపం ఆర్పాలి,
తెల్లారకముందే వరసలో నిలబడాలి.
కంప్యూటరు పాఠాల మధ్య ఈత,
విమానం ఎలా లేస్తుందో,
యుద్ధంలో ఏది న్యాయమో.
ఆ చివరి పాఠం ట్రిగ్వీకి లేదు.

లైల్ పందొమ్మిదేళ్లప్పుడు
ఈ పొలాల్లోనే క్షిపణి గుంతలకి కాపలా కాశాడు.
ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే,
మా దగ్గర గోతికి కంచె ఉంటుంది,
కంచెకి ఆనుకునే గోధుమ మొలుస్తుంది.
"నీకేం ఇష్టమో వాళ్లు రాసుకుంటారు, అమ్మాయ్.
దాని కింద ఇంకో కాగితం ఉంటుంది,
వాళ్లకేం కావాలో."

నేల కింద గదిలో ఇద్దరు కూర్చుని
ఎప్పటికీ రాకూడని మాట కోసం కనిపెట్టుకుని ఉంటారు.
ఆ మాటని మోసే తీగల వెనక
ఎవరో రాసిన గుర్తులుంటాయి.
ఒకటి అటుది ఇటు తిరిగితే
పోయేది రెండు సెంట్లు కాదు.
తర్వాత చెక్కులు రాసిచ్చేది కాదు.
మరి దాన్ని కనిపెట్టే కళ్లు ఎవరివైతే నయం?
దీనికి నా దగ్గర జవాబుంది.
అదే నా భయం.

మే ఒకటిలోగా చెప్పాలి. ఇవాళ ఏప్రిల్ ఇరవై ఏడు.
మంచు దిగి దారులు మెత్తబడ్డాయి.
కౌంటీ వాళ్లు బోర్డులు పాతారు:
తక్కువ బరువే వెయ్యండి, ఇంకో మూడు వారాలు.
నేలకి ఇచ్చారు గడువు.

సాయంత్రం ఆరిన్ బాకెన్ సగం బండి తెచ్చాడు,
దింపేసి తిన్నగా గేటు వైపు పోనిచ్చాడు.
"ఖాళీ తూకం నిరుటిది వేసెయ్" అన్నాడు లైల్.
నేను కిటికీ బాది వెనక్కి పిలిచాను.
చక్రాలకి బురదుంది.
బురదా తూగుతుంది.

అందరూ వెళ్లాక కాటా మీదికి నేనెక్కాను.
ఇది ఇరవై ఇరవై పౌన్లుగానే చూపిస్తుంది,
మధ్యలో ఉన్నదాన్ని అటో ఇటో నెట్టేస్తుంది.
నూట ఇరవై అంది.
నేను కదల్లేదు.
కాసేపాగి, నూట నలభై అంది.