రెండు గంటల నాటి లెక్క

పుంతా అరేనాస్‌లో గాలి ఎవరి మాటా వినదు.
రక్తనిధి కిటికీ మీద
రాత్రంతా గులకరాళ్ళు రువ్వుతుంది.

లోపల నిబాల్దో
పదకొండు పట్టికలు కలిపి ఒక్క లెక్క వండుతాడు.
దాతలు, సంచులు, గ్రూపులు, గడువు తేదీలు,
ఏది ఎవరికెక్కింది, ఏది చిరిగింది,
ఏది వాడకుండానే వెనక్కొచ్చింది.
అడిగినప్పుడల్లా పొయ్యి రాజేస్తే
నలభై సెకన్లు.
అందుకే అర్ధరాత్రి దాటాక రెండింటికి
ఒక్కసారే వార్చి మూత పెడతాడు.
చద్దన్నంలాంటి లెక్క:
ఎవరొచ్చినా చెయ్యి ముంచితే చాలు.

వాడు దాన్ని మెటీరియలైజ్డ్ వ్యూ అంటాడు.
నర్సులు బోర్డు అంటారు.

జూన్ నెల. పొద్దు పది కావస్తేగాని లేవదు.
నాలుగూ ఇరవైకి ఆసుపత్రి నుంచి ఫోను:
ఏబీ నెగటివ్ ఎన్ని?
ఎడెల్మిరా బోర్డు చూసింది.
"మూడు" అంది, రెప్పపాటులో.
అవతల మనిషిని బల్ల మీదికి ఎక్కించారు.

ఆమె చలిగది తలుపు తీసింది.
అరలో
ఒక్కటే సంచి.

మిగతా రెండూ మూడింటికే,
గాలి కాస్త తెరిపిచ్చిందని,
మంచుపెట్టెలో సర్ది చిన్న విమానంలో
జలసంధి అవతలికి, పోర్వెనీర్‌కి పంపేశారు.
ఆ పేరుకి వాళ్ళ భాషలో రాబోయే కాలమని అర్థం.
సంచులు అక్కడికి చేరాయి.
లెక్క రెండు గంటల దగ్గరే చతికిలబడింది.

ఎవరూ అబద్ధమాడలేదు.
పట్టికలకు అంతా తెలుసు, అడిగితే చెప్పేవి.
అడిగే పని లేకుండానేగా
బోర్డు పెట్టుకున్నది!

మనిషి బతికాడు. ఒక్క సంచితో సరిపోయింది.
దాన్ని ఏ పట్టికలో రాయాలో
నిబాల్దోకి తోచలేదు.

పొద్దున్న పెద్ద డాక్టరు బల్ల గుద్దాడు:
ఎప్పటికప్పుడు వేడిగా వండి తీరాలి!
నిబాల్దో ఎదురు చెప్పలేదు.
రిసీవరు ఆయన చేతికిచ్చి
"నలభై సెకన్లు ఆగండి" అని
గోడ గడియారం వైపు తిరిగాడు.
ఎవరో దగ్గారు. తలుపు గడియ గిలగిల్లాడింది.
పదిహేడో సెకనుకి
డాక్టరు ఫోను పెట్టేశాడు.

చివరికి చేర్చింది ఒక్క వరుసే,
బోర్డు నెత్తిన, ఎర్ర అక్షరాల్లో:
ఇది రెండు గంటల నాటి లెక్క.

ఇప్పుడు రాత్రిపూట ఫోను మోగితే
ఎడెల్మిరా అంటుంది:
"రెండింటికి మూడున్నాయి. ఉండండి."
రిసీవరు బల్ల మీద పెడుతుంది.
అవతలివాళ్ళకి
చలిగది వైపు వెళ్తున్న చెప్పుల చప్పుడు,
తలుపు మూలుగు,
ఆమె పైకే లెక్కపెడుతున్న గొంతు
వినిపిస్తాయి.