సర్వనామం

గావోలో ఇసుక టీ గ్లాసులోకి కూడా వస్తుంది.
మూడో గ్లాసు పోస్తూ
దుబాసీ సుమేలు అడిగాడు:
"మీ ఆవిడ ఏం చేస్తుంది?"

క్యాంపులో ఈ ప్రశ్న ఎవరూ అడగరు.
నా మంచం పక్కనే యెల్మర్ ఫొటో,
హర్లింగెన్ రేవులో పడవకి తారు పూస్తూ,
ముక్కు మీదా కాస్త తారు.
అతని పుట్టినరోజు నాకన్నా ముందు
మా సార్జంటుకే గుర్తొస్తుంది.
నేను పోతే మొదట ఎవరికి చెప్పాలి
అన్న గడిలో ఆ పేరు రాస్తుంటే
పెన్ను ఎక్కడా ఆగలేదు.
దాక్కోవడం మానేసి ఎనిమిదేళ్లు.
అలవాటు తప్పింది.

గేటు బయట మాత్రం, ఇదిగో,
నాలుక పిడచగట్టుకుపోతోంది.
భయం నా గురించి కాదు.
నాతో కూర్చుని టీ తాగినందుకు
రేపు అతన్ని ఎవరేమంటారో.

మేం మాట్లాడుకునేది వచ్చీరాని ఫ్రెంచి.
అందులో మనిషి గురించి నోరెత్తితే
ఆడో మగో ముందు తేల్చాలి.

పోయిన నెల అతనే నేర్పాడు:
సొంఘాయిలో అతనికీ ఆమెకీ
మేకకీ ఈ నైజర్ నదికీ
ఒకటే మాట, "అ".
నోరు కొంచెం తెరిస్తే చాలు.

తెరిచాను.
"అ... పడవలు... బాగుచేయడం."
"పేరు?"
"యెల్మర్."

సుమేలు నా వైపు చూశాడు,
టీ మీది నురగ చల్లారేదాకా.
"అ-కి చెప్పు,
మా బాబాయి పడవ కారుతోంది."

రాత్రి ఫోన్లో యెల్మర్ అన్నాడు:
ఏ చెక్కో కనుక్కో.