నలభై ఒకటో గుంత

కుందుర్పి దాటినాక మూడో వంక దగ్గర
మ్యాపులో ఒక పసుపు మచ్చ.
పసుపంటే బంజరు.
ఉపగ్రహం చెప్పింది, ఆఫీసు ఒప్పుకుంది,
సంతకం పెట్టడానికి నేనొచ్చాను.

గట్టు మీద కూచుని వక్కాకు నములుతూ
వన్నూరక్క ఒకే మాట అడిగింది:
"ఆ ఫొటో ఏ కార్తెలో తీసినారు?"

నా దగ్గర తేదీ ఉంది, గంట ఉంది,
ఆ పూట మబ్బుల శాతం కూడా ఉంది.
కార్తె లేదు.
ఫిబ్రవరి ఇరవై నాలుగు అన్నాను.
వేళ్ల కణుపులు ఎంచింది.
"శతభిషం. ఉలవలు పీకి నెలయింటాది.
గొర్రెల మంద నిలిపి పోయింటారు.
పండని నేల కాదప్పా ఇది,
పండుకున్న నేల.
నిద్రపోయేటోళ్లను ఫొటో తీసి
సచ్చినారని రాసుకుంటారా?"

పెన్నుకు మూత పెట్టాను.
వెనక తవ్వి వచ్చిన నలభై గుంతలు గుర్తొచ్చాయి.
అక్కడ ఎవర్నీ ఏమీ అడగలేదు.

మధ్యాహ్నం ఆమె చూపించిన చోటే ఆగర్ దించాం.
చీనీ తోట ఉండేదట.
నాలుగేండ్లు ఏపుగా పెరిగి
ఐదో ఏడు కొసల నుంచి ఎండుతూ వచ్చిన
నూట ఇరవై చెట్లు.
బోరు తప్పిందన్నారు కొందరు.
దిష్టి అన్నది అత్త,
అదీ కోడలి వైపు చూస్తూ.
మొగుడు మారెన్న ఏమీ అనలేదు,
మొద్దులు నరికి ఇటుకల బట్టీకి తోలినాడు.

జానెడు ఎర్రమట్టి.
ఇంకో జానెడు గరుసు.
రెండడుగుల కింద కర్రుమని ఆగింది ఇనుము.
తెల్లటి సుద్ద, పలక మాదిరి.
నాలుగు చుక్కలు యాసిడ్ వేస్తే
బుసబుసా పొంగింది.

వన్నూరక్క వంగి చూసింది
ఆ నురగ ఆరేదాకా.
"వేరు పోయేకి దావ లేదా" అంది,
నాతో కాదు.
తర్వాత చానాసేపు
కాలి బొటనవేలితో గుంత అంచు గీకుతూ ఉండిపోయింది.

సాయంత్రం ఫారం నింపాలి.
భూమి వాడకం గడిలో
ట్యాబ్ ఆరు మాటలే ఒప్పుకుంటుంది.
పండుకున్న నేల అని కొట్టి చూశాను.
ఎర్రగీత మెరిపించి
'సరైనది ఎంచుకోండి' అంది.

కాగితం వెనక పెన్సిల్‌తో రాశాను:
ఉలవ, హస్తలో.
మూడేండ్లకోసారి మంద.
అరవై సెంటీమీటర్ల దగ్గర సుద్ద.
చీనీ వద్దు.

జీపెక్కుతుంటే ఆమె పిలిచింది.
"ఆ తెల్లమట్టి పిడికెడు ఇచ్చిపో.
మా అత్తకు చూపియ్యాల."