ఆర్డెల్లా ముద్ర

చర్చి నేలమాళిగలో
శ్రుతి తప్పిన పియానో పక్కన మడతబల్ల.
దాని మీద ఒక రబ్బరు ముద్ర, ఇంకు దిమ్మ,
డజను నీలం పెన్నులు,
"వెళ్ళేటప్పుడు తిరిగివ్వండి" అని అట్టముక్క.

ముప్ఫై ఒక్కేళ్ళు స్కూలు బస్సు నడిపిన ఆర్డెల్లా ప్రూయిట్
ఇప్పుడు ఉచిత నోటరీ.
ముద్ర గుద్దినప్పుడల్లా కుడికాలు నేలకి నొక్కుకుంటుంది,
బ్రేకు తొక్కినట్టు.

ఊరంతా కలిసి వేసిన దావా గెలిచింది.
శుక్రవారంతో గడువు సరి.

ఏ చిరునామాలో, ఏ నెల నుంచి ఏ నెల దాకా
ఆ నీళ్ళు తాగారు? రుజువు జతపరచండి.
రుజువంటే నీళ్ళ బిల్లు.
విషానికి సొమ్ము చెల్లించిన రసీదు ఉండాలన్నమాట.
కట్టలేక కొళాయి కోయించుకుని
పక్కింటి నుంచి గొట్టం లాక్కున్నవాళ్ళు
తాగనట్టే లెక్క.

క్లీటస్ వార్డ్‌లో బూట్లపెట్టె నిండా బిల్లులు తెచ్చాడు,
ఏడాదివారీగా రబ్బరు బ్యాండ్లు వేసి.
"మా ఆవిడ చిన్న కాగితం పారేసేది కాదు.
ఎన్ని తిట్లు తిట్టానో."
తర్వాత చాలాసేపు
తెగిపోయిన ఒక రబ్బరు బ్యాండుని ముడివేయాలని చూశాడు.

మరిసేలా చంటిదాన్ని చంకనేసుకుని వచ్చింది.
పేరు రాసింది. చిరునామా దగ్గర ఆగింది.
"ఈ కాగితం ఇంకెవరెవరు చదువుతారు?"
ఆర్డెల్లాకి తెలియదు. తెలియదనే చెప్పింది.
మరిసేలా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
రవికలో దోపుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.
పెన్ను మాత్రం తిరిగిచ్చింది.

ఆరేళ్ళలోపు వాళ్ళకి పెద్ద వాటా.
పెద్దవాళ్ళకి, మిగిలితే.
ఎముకలో సీసం కొలిచే యంత్రం ముందు కూర్చుంటే ఇంకాస్త.
ఎముక పిచ్చిది, సీసాన్ని సున్నం అనుకుని దాచుకుంటుందట,
ముసలితనానికి పనికొస్తుందని.

గురువారం సాయంత్రం, అందరూ వెళ్ళాక,
ఆర్డెల్లా తన కాగితం తీసింది.

బాధితుడి పేరు: ఓరిన్. వయసు పదకొండు.
ఏ లారీ ఏ కంపెనీదో చప్పుడు విని చెప్తాడు.
చదివేటప్పుడు మాత్రం వేలు పెట్టుకున్న వాక్యం
వేలి కిందనుంచే జారిపోతుంది.
బాధితుడితో సంబంధం: అమ్మమ్మ.

కూతురు రాత్రి షిఫ్టుకి వెళ్ళేది.
రెండింటికి ఒకసారి, అయిదింటికి ఒకసారి
పాలపొడి కలిపింది ఈ చేతులే.
గోరువెచ్చగా ఉండాలని
వేడినీళ్ళ కొళాయే తిప్పేది.
వేడినీళ్ళు గొట్టాన్ని మరింత కరిగిస్తాయని
తర్వాత ఎప్పుడో, ఒక కరపత్రం చెప్పింది.
సీసా, సీసం.
దీర్ఘం తీసి సున్నా పెడితే చాలు.
మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని
వేడి చూసేది కదా, ప్రతిసారీ.
చుక్క ఏమీ చెప్పలేదు.

కాగితంలో ఎన్నో గళ్ళున్నాయి.
కలిపిందెవరు అని అడిగే గడి లేదు.

సంతకం చేసింది. ముద్ర చేతిలోకి తీసుకుంది.
మళ్ళీ పెట్టేసింది.
తన సంతకానికి తానే సాక్షి కాకూడదు,
అది నోటరీ చదువులో మొదటి పాఠం.

శుక్రవారం పొద్దున్నే వీధి చివర
జీతం రాకముందే అప్పిచ్చే దుకాణం.
అద్దం వెనక నోటరీ కుర్రాడు,
ఒకప్పుడు తన బస్సులో రెండో వరసలో వాంతి చేసుకున్నవాడే.
గుర్తుపట్టలేదు. గుర్తింపు కార్డు అడిగాడు.
తలెత్తకుండా ఆ వాక్యం చదివాడు,
నెలన్నరగా ఆవిడ నాలుగువందల మందికి చదివి వినిపించిన వాక్యమే:

"ఇందులో రాసినదంతా నిజమనీ,
ఏదీ దాచలేదనీ ప్రమాణం చేస్తున్నారా?"

వెనక వరసలో ఎవరో దగ్గారు.

"రాసిందంతా నిజమే బాబూ," అంది ఆర్డెల్లా.
"దాచిందంటావా..."

కుర్రాడు అప్పటికే ముద్ర గుద్దేశాడు,
కాస్త వంకరగా.