పది గజాలు

ఆస్టిన్‌టౌన్ మైదానంలో సున్నం బండి నాది.
హాకీకి ఒక లెక్క, ఫుట్‌బాల్‌కి ఒక లెక్క.
ఆ ఏడు అమెరికా ఆటన్నారు,
గజాల్లో గియ్యమన్నారు.
గజమంటే నాకు చిక్‌పేటలో గుడ్డ కొలిచే మాటే.

తెవీతాది టోంగా.
అమెరికాలో మూడేళ్ళు ఉంటే పదకొండు ఆటలు,
పోయింది ఒక మోకాలు.
ఆనక జర్మనీ. ఆనక మేము.
బంతి అతని చేతికి రానే రాదట,
బంతి పట్టినవాడికి దారి చెయ్యడమే జీతమట.
నా బండి వైపు వేలు చూపి నవ్వాడు,
నీ పనీ అదేగా అన్నట్టు.

నాలుగో వారం లీగు మూతపడింది.
చెక్కు రెండుసార్లు తిరిగొచ్చింది.
లాడ్జివాళ్ళు పెట్టె ఆపుకున్నారు.
ఆ రాత్రి షెడ్డులో నా నవారు మంచం మీద అతను,
వలల చుట్ట మీద నేను.
తెల్లవార్లూ మంచమే మూలిగింది,
అతను మూలగలేదు.

పొద్దున విమానాశ్రయం బస్సెక్కుతూ
బూట్లు నా చేతిలో పెట్టాడు.
నా రెండు పాదాలూ ఒకదాంట్లో పడతాయి.

తొడిగేదెవరు?
ఎడమదాంతో సున్నం కొలుస్తున్నా.
బూటు నిండా పోస్తే
సరిగ్గా పది గజాలొస్తుంది గీత.