నేసిన

చండూరు బస్టాండు ఎదురుంగ
పంచరు దుకాణం మీది రూములో
పొద్దుమీకి ఆరింటికి ఇంగ్లీషు.
పదిమంది పిలగాండ్లు, నేను.
కింద ట్యూబుల గాలి కొడ్తుంటే
పైన మా బెంచీలు అదురుతయి.

బోర్డు మీద మూడు వరుసలు గీసిండు సారు.
గో, వెంట్, గాన్.
ఈట్, ఏట్, ఈటెన్.
"మీరేం పని చేస్తారు అనసూర్యమ్మా?" అని అడిగి
నా కోసం అడుగున ఒకటి కలిపిండు:
వీవ్, వోవ్, వోవెన్.

ఇల్లు చేరేదాంక నోట్లనే తిప్పుకుంట పోయిన.
నాడె చప్పుడు లెక్కనే ఉన్నది
వీవ్ వోవ్ వీవ్ వోవ్,
వోవెన్ కాడికొచ్చేసరికి
పోగు తెగుతది.

సారుది తెనాలి. మంచోడు, కసురుకోడు.
ఒకనాడు, నిన్న చేసిన పని తెలుగులో చెప్పండి
ఇంగ్లీషులోకి మారుద్దాం అన్నడు.
లేసి నిలబడి చెప్పిన:
"నిన్న నేను చీర నేసిన."
సుద్దముక్క పట్టుకొని ఎదురుచూసిండు.
నేను గూడ చూసిన.
"నేసిన... ఏంటమ్మా? వాక్యం పూర్తి చెయ్యండి."
అయిపోయింది సార్.
పిలగాండ్లు నవ్విండ్రు.
"నేసిన చీర, నేసిన మనిషి,
వెనకాల ఏదో రావాలి కదమ్మా."

మా దిక్కు గంతే అంటం సార్.
వచ్చిన, తిన్న, ఏడ్చిన, అప్పు కట్టిన.
నలభై ఏండ్లల ఏ మాటకూ
వెనకాల జాగ ఖాళీగున్నట్టు అనిపియ్యలె.

గా రాత్రి అనిపించింది.
ఆసు పోసుకుంట కూసున్న.
ఒక్క చీరకు తొమ్మిది వేల సార్లు
చెయ్యి ఆ కొసకు పోవాలె, ఈ కొసకు రావాలె.
ప్రతి రాకకూ ఒకటే మాట:
నేసిన, నేసిన,
వెనకాల ఏమొచ్చింది?
చీరను సేటు మనిషి బండి మీద తీస్కపోయిండు.
నేను పేపర్ల లేను, బిల్లుల లేను.
సారు తప్పు పట్టింది నా తెలుగునే గావచ్చు
కని తగిలింది ఇంకో తావుల.

ప్రెజెంట్ పర్ఫెక్ట్ పిలగాండ్లకు ఎక్కలె.
"పని అయిపోయింది, దాని గుర్తు ఇప్పటికీ ఉంది,"
సారు మూడుసార్లు చెప్పిండు.
నాకు ఒకటోసారికే తెల్సింది.
కుడి రెక్క పైకి లేవది సార్,
దువ్వెన ఎడమ చేత్తోనే పట్టుకుంట.
ఐ హావ్ వోవెన్.

ఫ్యూచర్ పర్ఫెక్ట్ గూడ గంతే.
ట్యూబు రబ్బరుతోని దారాన్ని గట్టిగ చుట్టి
రంగుల ముంచి తీసినంక చూస్తే
మరకలు, ఒట్టి మరకలు.
మగ్గం మీదికి రాకముందే
పువ్వు అండ్ల అయిపోయి ఉంటది.
మనం చేసేది దాని దగ్గరికి నడుచుడే.

ఒక్క పాసివ్ వాయిస్ మాత్రం నాకు సయించలె.
ది సారీ వాజ్ వోవెన్.
నేసినామె ఏడ వోయింది సార్?
"చివర్లో బై అని పెట్టొచ్చమ్మా,
మామూలుగా వదిలేస్తారు."
మామూలుగ ఇడిసిపెడ్తరని
నాకు తెల్వదా.
నోట్‌బుక్కుల ప్రతి వాక్యం కొసకూ
బై అనసూర్య, బై అనసూర్య అని రాసిన.
ఎర్రపెన్ను పెట్టలేదు సారు,
టిక్కు గూడ పెట్టలేదు.

దసరా ముంగట నల్లగొండల చేనేత మేళా.
గడియారం సెంటర్ కాడ రేకుల షెడ్డు,
ఫ్యాను తిరుగుతది, గాలి రాదు.
తెలుగు రాని ఆఫీసరమ్మ ఒకామె
నా చీర కొంగు రెండు వేళ్లతో పట్టుకొని
హూ మేడ్ దిస్? అన్నది.

ఐ... అన్న.
అంతే, మూడు వరుసలు ఒకదాని మీద ఒకటి పడ్డయి.
నిన్నది, ఇయ్యాల్టిది, రేపటిది
చిక్కువడ్డ కండె లెక్క.
ఆమె నిలబడి ఉన్నది,
గా తెనాలి సారు నిలబడ్డట్టే.

"ఐ వీవ్ వోవ్ వోవెన్"
అని ఒక్క ఊపిరిల చెప్పిన.

ఆమె నవ్వలె.
చీర తిప్పి, మర్లేసి, అటు పక్క గూడ
పువ్వు అట్లనే ఉన్నదా అని చూసింది.
ధర అడిగింది.
తగ్గియ్య అన్న, తెలుగులనే.